దగ్గరి నంబరు

మధ్యాహ్నం పన్నెండింటికి ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం ఐదులోపు ఇరవైమూడో నంబరు ఎలుగుబంటి చచ్చిపోవాలి.

ఉత్తర్వులో అంత మొరటుగా రాయరు లెండి. ‘ఇరవైమూడో నంబరు ఫైలు ఈ రోజే ముగించవలసినది’ అని రాస్తారు. వన్యప్రాణి విభాగంలో ఇరవైతొమ్మిదేళ్ళు నలిగిన ఫీల్డ్ ఆఫీసరుకి ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన కాగితం చదివాడు. చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీశాడు. సంతకం పెట్టాల్సిన చోట నీటుగా ఒక గీత గీశాడు. గీత లేకుండా సంతకం పెట్టడం ఆయనకి చేతకాదు. అందుకే ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని స్కేలు బాబాయ్ అంటారు.

మందుల బీరువా పై అరలో ఉండే, ప్రాణం తీసే మందు సీసా బయటికి రావాలంటే రెండు సంతకాలు పడాలి. ఒకటి ఫీల్డ్ ఆఫీసరుది, రెండోది డాక్టరుది. బాబాయ్ పెన్ను మూత తీశాడో లేదో పెరట్లోంచి కేక వినిపించింది.

“బాబాయ్! ఒక్కసారి ఇటు రండి. స్కేలు కూడా తెచ్చుకోండి!”

కేకేసింది డాక్టరమ్మ. జంతువుల డాక్టరుగా ఇక్కడ చేరి రెండేళ్ళయింది. మొహమాటం అనేది ఆ పిల్ల పుట్టిన వార్డులోనే వదిలేసి వచ్చిందని ఆఫీసులో చెప్పుకుంటారు.

పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డు కింద ఇనప బోను. బోనులో ఇరవైమూడు మత్తులో పక్కకి వాలి ఉంది. సీసా తీసేముందు జంతువుని మత్తులో పెట్టి, తూకం వేసి, చెవి ట్యాగు సరిచూడాలని రూలు. పసుపు ప్లాస్టిక్ ట్యాగు మీద అంకె స్పష్టంగానే ఉంది. తడిసిన గోనెసంచీ లాంటి వాసన. పొట్ట మెల్లగా లేస్తూ, పడుతూ ఉంది.

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని దాని పై పెదవిని వేలితో ఎత్తి పట్టుకుంది.

“చూడండి. పైన ఎడమవైపు కోర లేదు. చిగుళ్ళ దాకా విరిగిపోయింది.”

“విరిగితే ఏమైందిప్పుడు? మిగతావి ఉన్నాయిగా.”

“ఉన్నాయి. మూడు. మీ బావమరిది చేతికి ఎన్ని గుంటలు పడ్డాయి?”

ఇరవైమూడు మీద ఉన్న ఆరోపణ అదే. పది రోజుల కిందట, తెల్లారి చెత్త వెయ్యడానికి బేకరీ వెనక్కి వెళ్ళిన మనిషి ముంజేతిని ఎలుగుబంటి కొరికింది. ఆ బేకరీ బాబాయ్ బావమరిదిది. ఆస్పత్రికి వెళ్ళి ఫారం నింపింది స్వయంగా బాబాయే.

“లోతైన గాయాలు అని రాశాను,” అన్నాడు.

“ఎన్నని రాశారు?”

“ఎన్నని... లెక్క రాయలేదు.”

“స్కేలు బాబాయ్ లెక్క రాయలేదా?” అంది డాక్టరమ్మ. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. వెటకారమైతే బాబాయ్ ఇంకొంచెం తేలిగ్గా భరించేవాడు.

“కొరికినప్పుడు పైనుంచి రెండు కోరలు, కిందనుంచి రెండు కోరలు దిగుతాయి. అంత లోతు గాయమైతే నాలుగు గుంటలు పడాలి. దీనికి ఒక కోర లేదు కాబట్టి మూడే పడతాయి. గుంటలు మూడుంటే ఇదే కొరికి ఉండొచ్చు. నాలుగుంటే ఇది కొరకలేదు. అంతే.”

“మొన్న బోనులో పడ్డప్పుడు చువ్వలు కొరికి విరగ్గొట్టుకుని ఉంటుంది.”

“కొత్తగా విరిగితే అంచు పదునుగా ఉంటుంది. ఇది ఎప్పుడో అరిగి నున్నగా అయిపోయింది. పాత ఫైలు చూడండి, మొదటిసారి ట్యాగు వేసినప్పుడు రాసే ఉంటారు.”

ఫైలు చూడాల్సిన పని లేదని బాబాయ్‌కి తెలుసు. అయినా వెళ్ళి తీశాడు. రెండేళ్ళ కిందటి మొదటి పేజీ. బడి వంటగది వెనక చెత్తతొట్టి దొర్లించిందని పట్టుకుని, చెవికి ట్యాగు వేసి వదిలిపెట్టిన రోజు. ‘గుర్తులు’ అన్న చోట తన చేతిరాతే: పై ఎడమ కోర లేదు. దాని కింద స్కేలుతో గీసిన గీత.



ఇరవైమూడు మీద మొత్తం మూడు ఎంట్రీలు. మూడు పడితే ముగింపు, అదీ నిబంధన. మొదటిది నిజం, వంటమనిషి కళ్ళారా చూసింది. మూడోది బేకరీ. మరి రెండోది? పోయిన వానాకాలంలో కోళ్ళగూడు విరిగింది. ఎవరూ చూడలేదు. ఆ ఫారంలో ‘చూసినవారు’ అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకుంటుంది. ‘జంతువు నంబరు’ గడి ఖాళీగా వదిలితే మాత్రం ఒప్పుకోదు, ఎర్రగా వెలిగి ఫారాన్ని వెనక్కి తోసేస్తుంది. కంప్యూటరు రాకముందు పెద్దాఫీసు వాళ్ళు అదే పని చేసేవారు. అందుకని ఈ డివిజన్లో ఎప్పటినుంచో ఒక పద్ధతుంది. గోడమీద మ్యాపులో ఆ చుట్టుపక్కల తిరిగే ట్యాగు జంతువు ఏదో చూసి, ఆ అంకె వేసెయ్యడం. దాన్ని దగ్గరి నంబరు అంటారు.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే ఈ కిటుకు నేర్పేది ఎవరయ్యా అంటే స్కేలు బాబాయే. “ఫారం ఆగకూడదురా నాయనా. దగ్గరి నంబరు వేసి ముందుకి తోసెయ్,” అనేవాడు.

డాక్టరమ్మ తొడుగు విప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“నేనైతే సంతకం పెట్టను బాబాయ్. కానీ నేను పెట్టకపోతే పక్క డివిజన్ నుంచి ఇంకొకరిని పిలిపిస్తారు. ఆయన పెడతాడు. ఆపాలంటే ఫారం రాసిన మనిషే తప్పు రాశానని చెప్పాలి.”

“ముందు గుంటలు లెక్కపెట్టనీ,” అన్నాడు బాబాయ్. సైకిలు తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది చేతిలోనే ఉంది.

* * *

బేకరీలో పొయ్యి వేడికి అద్దాల బీరువా మీద ఆవిరి పట్టింది. కౌంటరు వెనక బాబాయ్ భార్య కాగితం సంచుల్లో బన్నులు సర్దుతోంది. తమ్ముడి చెయ్యి పనికిరాకుండా పోయినప్పటినుంచి పది రోజులుగా ఆవిడ ఇక్కడే ఉంటోంది. మోచేతుల దాకా పిండి. తమ్ముడు స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని మెడలోంచి వేలాడదీసుకుని, ఎవరికి ఎన్ని ఇవ్వాలో పురమాయిస్తున్నాడు.

“ఏం బావా, నా శత్రువు పోయాడా?”

“ఇంకా లేదు. చెయ్యి ఇలా చూపించు.”

“ఉద్యోగం మానేసి జాతకాలు చెప్పడం మొదలెట్టావా?”

“కట్టు విప్పాలి.”

భార్య చేతిలో బన్ను అలాగే పట్టుకుని తలెత్తింది. ముప్పైయేళ్ళ కాపురంలో ఆయన మధ్యాహ్నం పూట ఆఫీసు వదిలి బయటికి రావడం ఆవిడ చూడలేదు.

“ఏవండీ, ఏమైంది?”

“ఏం లేదు. కొంచెం చూడాలి.”

“ఏం లేకపోతే మీ మొహం అలా ఎందుకు పీక్కుపోయింది?” అంటూనే ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. “ఎలాగూ కట్టు మార్చే టైమే. ఒరేయ్, కదలకు.”

దూది కింద గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కోరలు దిగిన గుంటల్ని కుట్టకుండా తెరిచే వదిలేశారు, లోపలినుంచి మానుతూ రావాలని. బాబాయ్ కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. ముంజేతి పైన రెండు. చెయ్యి తిప్పాడు. కింద రెండు.

మళ్ళీ లెక్కపెట్టాడు. మొదటిసారి ఎన్నో రెండోసారీ అన్నే.

జేబులోంచి స్కేలు తీసి గుంటల మధ్య దూరం కొలవబోయాడు. చల్లటి స్టీలు తగలగానే బావమరిది చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“బాగుంది బావా! ఇది రెండోసారి. ఆస్పత్రిలో కూడా అంతే. మంచం మీద నేను మూలుగుతుంటే అట్ట, ఫారం పట్టుకుని వచ్చావు. ‘ఎలా ఉందిరా’ అన్నావా? ఊహూఁ. నీ నోట వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? ‘చెవికి పసుపు ట్యాగు ఉంది కదా?’”

“నువ్వు ఉందన్నావు.”

“ఊఁ అన్నాను. అప్పుడు నాకు ఒకవైపు నొప్పి, ఒకవైపు సూదిమందు. ఏనుగు కొరికింది కదా అన్నా ఊఁ అనేవాణ్ణి. నీ ఫారం త్వరగా అయిపోయి నువ్వు వెళ్ళిపోతే చాలనిపించింది.”

“అంటే చెవి చూళ్ళేదా?”

“దాని నోట్లో నా చెయ్యి ఉంటే నేను దాని చెవులు చూస్తానా బావా?”

కౌంటరు ముందు నిలబడ్డ ఒకావిడ నవ్వు ఆపుకోలేక, రొట్టె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ‘చూసినవారు’ గడిలో బావమరిది పేరు రాసి, కింద గీత గీసిన సంగతి గుర్తొచ్చింది.

“ఇప్పుడు ఎలా ఉంది?” అన్నాడు.

“ఏంటి?”

“చెయ్యి. ఎలా ఉందని.”

బావమరిది ఒక నిమిషం తెల్లమొహం వేశాడు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచినవాడు, బావ మొహం చూసి మానుకున్నాడు.

“రాత్రిళ్ళు సలుపుతోంది. చిటికెన వేలికి స్పర్శ లేదు. పిండి కలిపితే తెలుస్తుందో లేదో, ఇంకా కలపలేదు.” గొంతు తగ్గించాడు. “భయంగా ఉంది బావా. చేతి గురించి కాదు. వెనక తలుపు తియ్యాలంటే. నాలుగు రోజుల కిందట అది బోనులో పడిందన్నారు చూడు, ఆ రోజునుంచి మళ్ళీ తీస్తున్నాను. చీకటితోనే.”

అప్పటిదాకా మాట్లాడకుండా కొత్త కట్టు కడుతున్న భార్య చేతులు ఆగిపోయాయి.

“ఏవండీ. బోనులో ఉన్నది వీణ్ణి కొరికింది కాదా?”



“కాదు. దానికి ఒక కోర లేదు.”

“మరి కొరికింది ఏది?”

“తెలీదు.”

“అది బయటే ఉందా?”

“ఉంది.”

“వీడేమో చీకట్లో వెనక తలుపు తీసుకుంటున్నాడు. మీరు పట్టుకున్నారన్న ధైర్యంతో.”

బాబాయ్ లేచి ఆ వెనక తలుపు తానే తీశాడు. సన్నటి సందు. గోడ పక్కన నడుమెత్తు చెత్తతొట్టి, నిండా మాడిన రొట్టెలు, పంచదార అంటిన కాగితాలు. తొట్టి మూతకి ఉండాల్సిన గడియ విరిగి ఒక మేకుకి వేలాడుతోంది. అది విరిగి ఏడాది దాటింది. విరిగిన మర్నాడే బాబాయ్ చూశాడు. ఇంకొకరి తొట్టి అయితే ఆ పూటే నోటీసు రాసి గోడకి అంటించేవాడు. అడవి అంచున ఉన్న వీధుల్లో తొట్లకి గడియలు ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగంలో సగం. బావమరిది కాబట్టి నోటితో చెప్పి ఊరుకున్నాడు. బావ కాబట్టి వాడూ విని ఊరుకున్నాడు.

బోను పెట్టింది కూడా ఈ సందు చివరే. లోపల వేసింది ఈ తొట్టిలో బన్నులే. వాసన పట్టుకుని ముందు ఎవరొస్తే వాళ్ళే దొంగ.

లోపలికి వచ్చి నోటీసుల పుస్తకం తీశాడు. స్కేలు పెట్టి గీత గీసి, రాసి, చింపి బావమరిది ఒళ్ళో పెట్టాడు.

“ఇదేంటి, నాకు నోటీసా? కొరికించుకున్నది నేను, నోటీసు నాకా?”

“ఏడాది కిందట ఇవ్వాల్సింది. ఇచ్చి ఉంటే నీ చెయ్యి బాగుండేది. రేపటిలోగా గడియ వేయించు. వెనక తలుపు వెలుతురు వచ్చాకే తియ్యి.”

“అక్కా, చూశావా మీ ఆయన్ని!”

“చూశాను,” అంది ఆవిడ. భర్త మొహంలోకే చూస్తోంది. “ఇప్పుడేం చేస్తారు?”

“తప్పు రాశానని చెప్పాలి. ఈ ఒక్కటే చెబితే సరిపోదు. ఇలాంటివి ఇంకా రాశాను. రెండింటికి ఇంజెక్షను కూడా అయిపోయింది.”

బావమరిది స్టూలు మీద సర్దుకున్నాడు. పొయ్యిలో ఏదో మాడుతున్న వాసన వచ్చినా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

“సాయంత్రం ఇంటికొచ్చి, ‘ఏం లేదు, అంతా బాగానే ఉంది’ అని మాత్రం అనకండి,” అంది భార్య. “ఆ మొహంతో ఆ మాట అంటే నేను పడలేను.” అప్పుడు పొయ్యివైపు పరిగెత్తింది.

* * *

మూడున్నర అయింది. డివిజన్ పెద్దసారు గదిలోకి వెళ్ళేముందు బాబాయ్ తన బల్ల సొరుగు లాగాడు. సొరుగు అడుగున రెండు పసుపు ట్యాగులు. తొమ్మిది, పదహారు. ఫైలు ముగిశాక ట్యాగు జమ చెయ్యాలని రూలేమీ లేదు కాబట్టి అవి అక్కడే ఉండిపోయాయి. తొమ్మిది సంగతి ఆయనకి సరిగా గుర్తు లేదు. పదహారు గుర్తుంది. ఇంజెక్షను ఇస్తున్నప్పుడు చెవి పట్టుకుంది ఆయనే. చెవి లోపల వెచ్చగా ఉండింది. ఆ వెచ్చదనం చెయ్యి కడుక్కున్నా చాలాసేపు పోలేదు.

పెద్దసారు చెడ్డమనిషి కాదు. బాబాయ్ కన్నా పదేళ్ళు చిన్న. చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కిటికీలోంచి పెరట్లో షెడ్డువైపు చూశాడు.

“బాబాయ్‌గారూ, కొరికింది ఇంకా బయటే ఉందంటే రేపు పొద్దున మన గుమ్మం ముందు ఎంతమంది ఉంటారో తెలుసా?”

“తెలుసండీ.”

“మీకింక ఎనిమిది నెలల సర్వీసుంది. సొంత బావమరిది కేసు మీరే రాసుకున్నారు. నోటీసు ఇవ్వకుండా వదిలేశారు. విచారణ వేస్తే ఎక్కడ ఆగుతుందో నా చేతుల్లో ఉండదు.”

“ఉండదండీ.”

పెద్దసారు కుర్చీ ముందుకి జరిపి గొంతు తగ్గించాడు.

“ఒక మార్గం చెబుతాను. గుండె బలహీనంగా ఉంది, పరీక్షలు కావాలి అని డాక్టరమ్మ చేత రాయిద్దాం. ఆ వంకతో ముగింపు వాయిదా. నెల తర్వాత దూరపు అడవిలో వదిలేద్దాం. దాని ప్రాణం నిలబడుతుంది, మీ ఫారాలు ఎవరూ ముట్టుకోరు. మీక్కావాల్సింది అది బతకడమేగా?”

బాబాయ్‌కి ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. నిజమే కదా. అది బతుకుతుంది. డాక్టరమ్మ ఒప్పుకుంటుంది, బతుకుతుందంటే ఆ పిల్ల దేనికైనా ఒప్పుకుంటుంది. ఇంటికెళ్ళి భార్యకి కూడా నిజమే చెప్పొచ్చు, ఆగిపోయిందని. పెద్దసారు తెల్లకాగితం ముందుకి జరిపాడు. బాబాయ్ పెన్ను తీశాడు. స్కేలు తీశాడు. గీత గీశాడు కూడా.

“మరి ఆ మూడు ఎంట్రీలు?” అన్నాడు, గీతవైపే చూస్తూ.

“అవి ఉంటాయి. ఉంటే ఏం?”

“మళ్ళీ ఎక్కడ దొరికినా మూడూ దానిమీదే ఉంటాయిగా. అక్కడివాళ్ళు ఫైలు తెరుస్తారు. మధ్యాహ్నం ఉత్తర్వు వస్తుంది, సాయంత్రం ఐదు అంటారు.”



బాబాయ్ జేబులోంచి రెండు ట్యాగులు తీసి బల్లమీద పెట్టాడు. ప్లాస్టిక్ గాజుపలకకి తగిలి చిన్నగా చప్పుడైంది.

“ఇవెందుకు తెచ్చారు?”

“వీటి ఫారాలూ నావే. పదహారుకి చివరి రెండు ఎంట్రీలు దగ్గరి నంబరే అయ్యుండాలి. తొమ్మిది చూడాలి.”

“అవి పోయాయి కదండీ. ఇప్పుడు తవ్వితే వాటికేం ఒరుగుతుంది?”

“వాటికేమీ ఒరగదండీ.” అన్నాడు బాబాయ్. “ఈ డివిజన్లో నేను నేర్పిన పిల్లలు ఆరుగురున్నారు. నేను చెప్పినట్టే రాస్తారు, మంచి పిల్లలు. ఈ వారం కూడా ఎక్కడో గూడు విరిగే ఉంటుంది. మ్యాపు చూసి ఏదో ఒక అంకె వేసే ఉంటారు. వాళ్ళకి చెప్పాలంటే నేను ఎలా తెలుసుకున్నానో చెప్పాలి. గుండె బలహీనం అని రాసి ఆ సంగతి చెప్పలేను.”

పెద్దసారు ఒక ట్యాగుని వేలితో తిప్పి అంకె చదివి, మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు.

“కంప్యూటరు ఖాళీ గడి ఒప్పుకోదు. సవరణ ఫారంలో కూడా నంబరు అడుగుతుంది.”

“కాగితం మీద రాస్తాను. కాగితం ఒప్పుకుంటుంది.”

“పెద్దాఫీసు ఒప్పుకోవాలి.”

“వాళ్ళు వెనక్కి పంపితే మళ్ళీ రాస్తాను. ఎనిమిది నెలలుందిగా.”

పెద్దసారుకి నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. ఉత్తర్వు కాగితం తీసుకుని మార్జిన్లో ఎర్ర సిరాతో ‘ఫీల్డ్ ఆఫీసరు వాంగ్మూలం దృష్ట్యా నిలిపివేయడమైనది’ అని రాసి తేదీ వేశాడు.

“మీమీద విచారణ తప్పదు. నేను కాపాడలేను.”

“సరేనండీ.”

“పొద్దున గుమ్మం ముందు జనానికి ఏం చెప్పాలో అది కూడా మీరే చెప్పాలి.”

“చెబుతానండీ. ఊరికే చెప్పడం కాదు, అడవి అంచున ఉన్న వీధులన్నీ రేపు తిరుగుతాను. గడియ లేని తొట్లు ఎన్నున్నాయో నాకు కంఠతా వచ్చు. మొహమాటానికి నోటీసు ఇవ్వనివి ఇంకో నాలుగున్నాయి.” ఆగాడు. “ఒకటి మీ వదినగారిది.”

ఈసారి పెద్దసారు నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే మొహం గంభీరంగా పెట్టి, “ఇచ్చెయ్యండి,” అన్నాడు. “నేనిమ్మన్నానని మాత్రం చెప్పకండి.”

* * *

ఐదు కావస్తోంది. షెడ్డు కింద ఇరవైమూడుకి మత్తు దిగుతోంది. ముందు చెవులు కదిలాయి, తర్వాత ముక్కు. లేవబోయి, ముందుకాళ్ళు తడబడి, మళ్ళీ కూలబడి, ఈ లోకమంతా తనకి చేసిన అన్యాయం ఇదొక్కటే అన్నట్టు బుర్రుమంది. డాక్టరమ్మ నీళ్ళ గిన్నెని కర్రతో బోనులోకి తోసింది. విచారణకి సాక్ష్యంగా ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటుంది. తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే.

బాబాయ్ ఫోను మోగింది.

“ఏమైంది?” అంది భార్య.

“ఆగింది.”

“మీ సంగతి?”

“విచారణ ఉంటుంది. ఏమవుతుందో తెలీదు.”

అటునుంచి బేకరీ చప్పుళ్ళు వినిపించాయి. ట్రేలు, ఎవరో చిల్లర అడగడం.

“వెనక తొట్టికి గడియ వేశాను,” అంది. “వాడికి చెయ్యి లేదని వంక పెడుతుంటే నేనే మేకులు కొట్టాను. మీ నోటీసు మాత్రం గోడకి అంటించాడు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు, మా బావ ఎంత దుర్మార్గుడో చూడండని.” తర్వాత అడిగింది. “ఎలా ఉన్నారు?”

ఆస్పత్రి మంచం మీద బావమరిది ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాడని బాబాయ్‌కి గుర్తొచ్చింది.

“బాగాలేను,” అన్నాడు. “వచ్చాక చెబుతాను. కొంచెం ఆలస్యమవుతుంది.”

ఫైళ్ళ గదిలో దీపం వేసి, పై అరలోంచి పదహారో నంబరు ఫైలు దించాడు. దుమ్ముకి తుమ్మొచ్చింది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. రమ్మని ఆయన పిలవలేదు, వద్దని కూడా అనలేదు.

“కళ్ళద్దాలు మసకబారాయి. నువ్వు చదువు,” అన్నాడు.

ఆమె పేజీలు తిప్పింది. మొదటి ఎంట్రీ, తోట కంచె విరిగింది, ఇద్దరు చూశారు. రెండో ఎంట్రీ, గొర్రెల దొడ్డి. మూడో ఎంట్రీ దగ్గర ఆగింది.

“తేనె పెట్టెలు పగిలాయి. జంతువు నంబరు పదహారు. కోరల గుర్తులు లేవు, అడుగుల కొలతలు లేవు. చూసినవారు...” కాగితాన్ని దీపానికి దగ్గరగా పెట్టింది. “చూసినవారు అన్నచోట గీత ఒక్కటే ఉంది బాబాయ్. పైన ఏమీ లేదు.”

బాబాయ్ చెయ్యి చాపి ఫైలు తనవైపు తిప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందటి గీత. ఎక్కడా వంకర లేదు.

“ఏం రాద్దాం?” అంది డాక్టరమ్మ.

“ఎవరూ లేరని,” అన్నాడు. పెన్ను తీసుకుని, ఆ గీత మీద నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు.